మోకాలి ఇంజెక్షన్‌కు లెక్క చెప్పే తక్‌పట్టీ ఎందుకు లేదు, మంత్రిగారూ?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నా అర్జీలు తమరి బల్ల దాకా వచ్చాయో లేదో తెలియదు. నాకు వచ్చిన జవాబులన్నిటిలోనూ ఒకటే వాక్యం: "తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారికి పంపడమైనది." ఆ సంబంధిత అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో ఇంతవరకు చెప్పిన వారు లేరు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

విషయం పీఆర్పీ ఇంజెక్షన్లే. రోగి చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి మోకాలి కీలులోకి ఎక్కించే వైద్యం. తమరికి నేను వివరించనక్కరలేదు. గుంటూరు కొత్తపేటకో విజయవాడ సూర్యారావుపేటకో ఒకసారి కారు దిగి నడిచి రండి, గోడల మీది ఆసుపత్రుల ఫ్లెక్సీలే వివరిస్తాయి. ఆపరేషన్ అక్కర్లేదట, మోకాలి ఎముకల మధ్య అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందట.

మా అమ్మ మిర్చి తొడిమలు తీసి మమ్మల్ని పెంచింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాళ్లు ముడుచుకుని నేల మీద కూర్చుని చేసే పని అది. అలాంటి ఆడవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో తమరికి తెలుసు, ఎన్నికలప్పుడు అందరూ వారి దగ్గరికే వస్తారు కదా. ఇప్పుడు అమ్మ మెట్టు ఎక్కలేదు, కింద కూర్చుంటే ఒకరు పట్టుకుని లేపాలి. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. రెండు మోకాళ్లకూ మూడేసి ఇంజెక్షన్లు అన్నారు. ఆరోగ్య కార్డు చూపిస్తే "ఇది అందులోకి రాదమ్మా" అన్నారు. ధర అడిగితే కౌంటర్లో అమ్మాయి టోకెన్ చీటీ వెనకాల పెన్సిలుతో ఒక అంకె వేసింది. అన్నీ కలిపి ఒకేసారి కడితే తగ్గిస్తామంది. ఇంటి పైకప్పు కోసం దాచిన చీటీ పాట డబ్బు అక్కడే అయిపోయింది.

అమ్మ ఏ మాత్రలు మింగుతోందని ఒక్కరూ అడగలేదు. మందుల షాపులో కొన్న నొప్పి బిళ్లలు రోజూ వేసుకుంటోంది. అవి ప్లేట్‌లెట్ల పనిని తగ్గిస్తాయి కాబట్టి ఈ ఇంజెక్షన్‌కు కొన్ని రోజుల ముందు నుంచి ఆపమని మామూలుగా చెబుతారట. ఆ సంగతి మాకు తర్వాత వేరే చోట తెలిసింది. నెలలు గడిచినా నొప్పి తగ్గకపోతే మరో డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన పాత ఎక్స్‌రేనే వెలుగుకు పెట్టి చూసి, "అరుగుదల నాలుగో గ్రేడు, అంటే చివరిది, ఎముకకు ఎముక తగులుతోంది. ఈ దశలో ఆ ఇంజెక్షన్‌తో పెద్దగా ప్రయోజనం ఉండదు" అన్నారు. ఫీజు కూడా తీసుకోలేదు. ఆ ఎక్స్‌రే మొదటి ఆసుపత్రి వాళ్లు తీయించిందే!

బిల్లు అడిగితే ఒకే వరుస ఇచ్చారు: "ప్రొసీజర్ ఛార్జీలు." ఏ పద్ధతిలో తయారు చేశారో, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో, ఏ గ్రేడు మోకాలికి వేశారో ఒక్క ముక్క లేదు. నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాను. మా దగ్గర టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, తూకం, ధర, కమీషన్, హమాలీ అన్నీ తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలో, ఎక్కాలి. ఒక్క వరుస తగ్గినా రైతు నన్ను కాలరు పట్టుకుని అడుగుతాడు, అడగాలి కూడా. ఎండుమిరపకాయలకున్న లెక్క మా అమ్మ మోకాలికి లేదు.

ఈ వైద్యం అబద్ధమని నేను అనడం లేదు. అరుగుదల మొదట్లో ఉన్నవారిలో కొందరికి కొన్ని నెలలు ఉపశమనం దొరుకుతుందని చెప్పే పరిశోధనలున్నాయి. కానీ 2021లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన సంగతేమిటి? అరుగుదల ముదరని 288 మందిలో కొందరికి పీఆర్పీ, మిగిలినవారికి మందు లేని ఉప్పునీరు ఎక్కించి ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోనూ గుజ్జులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికా కీళ్లవాత వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో దీన్ని వద్దనే గట్టిగా చెప్పింది, ఒక చోట తయారైనది మరో చోట తయారైనదానిలా ఉండదన్నది వారి అభ్యంతరం. పెద్ద డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు. గోడల మీది ఫ్లెక్సీలకు మాత్రం సందేహమే లేదు.

కృత్రిమ మోకీలుకు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. కోబాల్ట్ క్రోమియం లోహంతో చేసిన మామూలు రకానికి అప్పుడు 54,720 రూపాయలు, పన్ను అదనం. లోహానికి హద్దు ఉంది, మా రక్తానికి లేదు. రక్తం మాది, చెయ్యి మాది, మోకాలు మాది, ధర మాత్రం వాళ్లది. కొత్తపేటలో ఒక మెట్టు దిగి పక్క మెట్టు ఎక్కితే అదే ఇంజెక్షన్ రెండింతలు చెప్పారు. ధరల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలనే నిబంధన, 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కిందిది, తమరి శాఖ దగ్గరే ఉంది కదా. అది ఏ బీరువాలో ఉందో కాస్త వెతికించండి.

తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం ముందుగా చేయాల్సినవని కూడా మాకు ఎవరూ చెప్పలేదు. అందులో డబ్బు లేదు కాబోలు.

అయ్యా, అడిగేది ఎక్కువ కాదు. సూది గుచ్చకముందే తెలుగులో ఒక కాగితం ఇప్పించండి. మోకాలు ఏ గ్రేడులో ఉంది, ఏం ఎక్కిస్తున్నారు, ఎన్నిసార్లు, ఎంత ధర, తగ్గకపోతే ఏమిటి అన్నది అందులో ఉండాలి. ధర గోడ మీద ఉండాలి. బిల్లు వివరంగా ఉండాలి. గుజ్జు పెరుగుతుందన్న ఫ్లెక్సీలు దింపించండి. బిల్లు మాట మళ్లీ చెబుతున్నాను, వివరంగా ఉండాలి.

దయచేసి జవాబు పంపించండి. "సంబంధిత అధికారికి పంపడమైనది" అన్నది మాత్రం వద్దు, అది నా దగ్గర చాలానే ఉంది.

ఇట్లు,
మిర్చి యార్డు గుమస్తా ఒకడు, గుంటూరు