అమ్మ సూదిలో దారం ఎక్కించింది

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒసేయ్ పిన్నీసూ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మూడు నెలలుగా జవాబు రాయలేదు, కోప్పడకే. పిల్లాడి పరీక్షలైపోయాయి, ఈయన బదిలీ ఆగింది, నా మోకాలు నెమ్మదించింది. ఇంటి సంగతులు ఇంతే. అసలు సంగతి నీకు చెప్తే గాని నాకు నిద్ర పట్టదు. కుట్టు మిషన్ కొన్నాను! అంతకన్నా పెద్ద విషయం, అమ్మ మళ్ళీ తన చేత్తో సూదిలో దారం ఎక్కించింది.

అమ్మ ట్రంకు పెట్టెలో పాత నేత చీరలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసుగా. కొన్ని కొంగు చిరిగినవి, కొన్ని మధ్యలో పిగిలినవి. వాటితో అతుకుల బొంత కుట్టాలని ఎన్నాళ్ళ నుంచో నా కోరిక. అమ్మ బొంతలు పరుచుకునే కదా మనం డాబా మీద చదువుకున్నది! చదివింది తక్కువ, 'కిటికీ గారి' కబుర్లు ఎక్కువ. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా అమ్మకి దగ్గరివి సరిగ్గా ఆనడం లేదే. సూది బెజ్జం కనపడట్లేదని కుట్టే మానేసింది. కాలితో తొక్కే ఆ నల్ల మిషన్ మీద గుడ్డ కప్పి, పూలకుండీ పెట్టేసింది. అటు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

షాపుకి అమ్మని కూడా తీసుకెళ్ళాను. చీర ముక్కలు నాలుగు పొరలు వేసి, టాకాలు కుట్టి సంచిలో పెట్టుకున్నా. నువ్వు కొన్నా ఇలాగే చెయ్యి. వాళ్ళు పల్చటి గుడ్డ మీద కుట్టి చూపిస్తారు, దాని మీద ఏ మిషనైనా చక్కగానే కుడుతుంది. బొంత కుట్టుకోవాలి బాబూ అంటే షాపు కుర్రాడు వినడే! అరగంట సేపు ఎంబ్రాయిడరీ చేసే కంప్యూటర్ మిషన్ గురించే చెప్పాడు. ధర విని అమ్మ నా చెయ్యి గిల్లింది. నాకు ఒళ్ళు మండి, నా గుడ్డ చేతిలో పెట్టి మామూలు మిషన్ మీద కుట్టమన్నాను.

పైపొర జరిగిపోయి ముడతలొచ్చాయి. మిషన్ కిందున్న పళ్ళు కింది పొరనే లాగుతాయట, పైదాన్ని గుడ్డని నొక్కి పట్టే ఫుట్ అదిమి ఉంచుతుంది. అందుకని వాకింగ్ ఫుట్ బిగించాడు. దానికి పైన కూడా పళ్ళుంటాయే! పక్కనున్న చిన్న కొమ్మ సూదిని బిగించే మరకి తగులుకుని, సూదితో పాటు లేస్తూ దిగుతూ పైపొరని కూడా నడిపిస్తుంది. అదే ముక్క ఈసారి నున్నగా వచ్చింది.

ఆ మిషన్ పేరు ఉషా జానోమే. జానోమే అంటే జపాన్ భాషలో పాము కన్ను. కింది దారం చుట్టే గుండ్రటి బాబిన్ అలా కనిపిస్తుందని ఆ పేరు. "అయితే కన్నున్న మిషనన్నమాట" అంది అమ్మ. ఆ మాటకి షాపు కుర్రాడు సూది పక్కనున్న మీట నొక్కి చూపించాడు. వెంట్రుకంత కొక్కెం బెజ్జంలోంచి ఇవతలికి వచ్చింది. దారం తగిలించి మీట వదిలితే, అది వెనక్కి పోతూ దారాన్ని ఉచ్చులా లాగేసింది.

అమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళతో తడుముకుంటూ మీట నొక్కింది. రెండుసార్లు దారం జారిపోయింది. మూడోసారి సూది వెనకాల ఉచ్చు నిలిచింది. దాన్ని పట్టుకుని జానెడు దారం లాగి, అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. నేను ఇంకేమీ అడగలేదే, డబ్బు కట్టేశాను.

మొదటి రోజు కింద దారం గూడు కట్టేసింది, నాకు ఒకటే టెన్షన్. అమ్మ గుడ్డ తిరగేసి తడిమి "పైదారం బిగువు లేదు, మళ్ళీ ఎక్కించు" అంది. ఫుట్ దించి ఎక్కించానే! ఫుట్ ఎత్తితేనే దారాన్ని బిగించే లోపలి బిళ్ళలు విచ్చుకుని దారం వాటి మధ్య కూర్చుంటుంది. తర్వాత 16 నంబరు సూది వేసి, కుట్టు కాస్త పొడుగు పెట్టాం. ఇప్పుడు ఆ చప్పుడు వింటే... ఏం చెప్పను, సాయంత్రమైనా ఇద్దరం లేవట్లేదు.

నేను ముక్కలు కత్తిరిస్తాను, పావు అంగుళం వదిలి కలుపుతాను. దారం ఎక్కించేది మాత్రం అమ్మే, నన్ను ముట్టుకోనివ్వదు. మన సిరా మరక చీర గుర్తుందా? మరక ఉన్న ముక్కనే నడిమధ్యన పెట్టమంది. నీ పెళ్ళికి కట్టిన మంగళగిరి చీర అంచు మాత్రం ఇంకా ఎక్కడ పెట్టాలో

అమ్మ పిలుస్తోందే, బాబిన్ అయిపోయిందట. ఈయన బజారుకి బయల్దేరుతున్నారు, ఇప్పుడిస్తేనే ఉత్తరం పోస్టులో పడుతుంది. అంచు సంగతి నువ్వే చెప్పు, త్వరగా రాయి.

నీ
దారపుండ