వార్షిక నివేదిక: కొండ మీది రేకులు, విమానం మీద హైదరాబాద్ పేరు

ఇంగ్లండ్‌లోని మన షెఫీల్డ్ తెలుగు సంఘం గౌరవ సభ్యులకు, పెద్దలకు నమస్కారం.

ఈ ఏడాది ఉగాది, బతుకమ్మ, దీపావళి బాగా జరిగాయి. ఆదివారం తెలుగు బడి ఆగకుండా నడిచింది. బడి టీచర్లకు, ఇంట్లో వండి తెచ్చిన అక్కలకు, అన్నలకు కమిటీ తరఫున కృతజ్ఞతలు. లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ భాగం నేను ఒక్క పని గురించే చెబుతాను: పాత సైనిక విమానాలు కూలిన చోట్లకు వెళ్లి చూడడం. కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "ఎప్పుడో యుద్ధంలో కూలిన విమానాలతో మన సంఘానికి ఏం పని బాబూ?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు.

షెఫీల్డ్‌లో ఉండే మనమంతా ఎండ్‌క్లిఫ్ పార్కుకు పిల్లల్ని తీసుకెళ్లి బాతులు చూపిస్తాం. ఆ వాగు పక్కన చెట్ల మధ్య ఒక రాయి ఉంది. 1944 ఫిబ్రవరి 22న డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ మీద దాడికి వెళ్లి, దెబ్బతిని తిరిగొస్తూ "మి అమీగో" అనే అమెరికన్ బి-17 బాంబర్ అక్కడే కూలింది. లోపల ఉన్న 10 మందీ చనిపోయారు. గడ్డిలో ఆడుకుంటున్న పిల్లల్ని తప్పించబోయి గుట్ట మీదికి పోయిందని ఈ ఊళ్లో చెప్పుకుంటారు. ఏటా ఫిబ్రవరిలో జరిగే సంస్మరణకు ఈసారి మన సంఘం నుంచి కూడా వెళ్లాం. చలికి చేతులు కొంకర్లు పోతున్నా పిల్లలు కదలకుండా నిలబడ్డారు.

అక్కడ పరిచయమైన స్థానికులే మమ్మల్ని, పాత విమానాల శకలాలున్న బ్లీక్‌లో అనే కొండకు పిలిచారు. మొదటిసారి సగం దారిలో పొగమంచు కమ్మేసింది. పది అడుగుల అవతల ఎవరున్నారో కనిపించక, టెన్షన్ పడి వెనక్కి వచ్చేశాం. ఆ కొండ మీద విమానాలు ఎందుకు కూలాయో మాకు అర్థమైంది ఆ రోజే. ఆ శిఖరాల ఎత్తు 600 మీటర్ల పైచిలుకు, అంతే. కానీ మబ్బు కిందికి దిగితే కొండ ఎక్కడ మొదలైందో తెలియదు. ఎక్కడున్నామో చూసుకుందామని పైలట్ మబ్బులోంచి కిందికి దిగేవాడు. కింద నేల ఉండాల్సిన చోట కొండ ఉండేది.

రెండోసారి ఎండ కాసింది. స్నేక్ పాస్ రోడ్డు నుంచి నడిచాం. దారంతా నల్లటి పీట్ మట్టి. వానాకాలంలో నల్లరేగడిలో దిగబడ్డట్టు కాళ్లు దిగబడ్డాయి. పైన ముందు కనిపించేది బి-29 అనే పెద్ద అమెరికన్ విమానం. అది యుద్ధకాలంది కాదు, 1948 నవంబర్ 3న కూలింది, 13 మంది పోయారు. ఇంజన్లు, చక్రాల భాగాలు అలాగే ఉన్నాయి. అక్కణ్నుంచి గ్లాసప్ ఊరి వైపు నడిస్తే జేమ్సెస్ థార్న్ అనే చోటు. కెనడా వాయుసేన 408 స్క్వాడ్రన్ (విమాన దళం) లాంకాస్టర్ బాంబర్ ఒకటి అక్కడ 1945 మే 18న కూలి, ఆరుగురు చనిపోయారు. యూరప్‌లో యుద్ధం ముగిసింది మే 8న. అంటే ఇంటికి రేపో మాపో అని ఎదురుచూసిన పిల్లలు వాళ్లు. రెండు నెలలు దాటగానే, జూలై 24న, దాని సమీపంలోనే ఒక అమెరికన్ డకోటా రవాణా విమానం కూలి ఏడుగురు పోయారు.

మన బడి పిల్లాడొకడు వంగి అరచేతి వెడల్పు అల్యూమినియం ముక్క తీశాడు. అంచున రివెట్లు వరసగా, కుట్టు వేసినట్టు ఉన్నాయి. రంగు పోయి బూడిద తెల్లగా మారింది, ఒక మూల నలిగి మడత పడింది. "ఇది ఇంటికి తీసుకుపోవచ్చా తాతయ్యా?" అని అడిగాడు. వాళ్ల తాతగారు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "పెట్టెయ్ నాన్నా, ఎక్కడ తీశావో అక్కడే" అన్నారు. చట్టం కూడా అదే చెబుతుంది. 1986 నాటి చట్టం ప్రకారం ఈ దేశంలో కూలిన సైనిక విమానాల శకలాలకు రక్షణ ఉంది, అనుమతి లేకుండా ఏదీ తియ్యకూడదు. వచ్చేసారి వచ్చేవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక పెద్దాయన ప్రశ్నకు వస్తాను. లండన్ ట్రిప్‌లో హెండన్‌లోని ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వాయుసేన) మ్యూజియానికి వెళ్లాం. అక్కడ ఒక పాత డీహెచ్-9ఏ బాంబర్ ఉంది. దాని మీద హైదరాబాద్ నిజాం బహూకరించినట్టు రాసి ఉంది! మా గుంపులో వరంగల్ వాళ్లు, గుంటూరు వాళ్లు అందరూ ఒక్కసారే ఆగిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 110 స్క్వాడ్రన్‌కు ఈ విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చినవే. మేం చూసినది 1918 అక్టోబర్ 5న జర్మనీలో దిగిపోయింది, అందులోని ఇద్దరూ బందీలయ్యారు. విమానం బెర్లిన్ చేరి, తర్వాత పోలండ్ చేరి, చివరికి 1977లో ఇక్కడికి వచ్చింది.

రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాద్ పేరే. 152 చిహ్నం నిజాం తలపాగా. ఇచ్చింది నిజామే అయినా, ఆ ఖజానా నిండింది రైతులు కట్టిన శిస్తుతో అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ రైతుల పేర్లు ఏ విమానం మీదా లేవు. మన సభల్లో నిజాం పేరు తలచిన ప్రతిసారీ వాళ్లనూ తలవాలి.

ఆ 152లో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నడిపిన డగ్లస్ షెప్లీ మన పక్క ఊరివాడు. హోమ్స్‌ఫీల్డ్. 1940 ఆగస్టు 12న ఐల్ ఆఫ్ వైట్ దగ్గర పోరులో గల్లంతయ్యారు. అదే ఏడాది మేలో ఆ కుటుంబంలోనే ఇంకో కొడుకు, ఒక కూతురు పోయారు. ముగ్గుర్ని పోగొట్టుకున్న ఆ తల్లి, డగ్లస్ భార్యతో కలిసి చందాలు పోగుచేసి వాయుసేనకు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చింది. దానికి షెప్లీ అని పేరు పెట్టారు. 1942 మార్చి 28న అది కూడా తిరిగి రాలేదు. టాట్లీలో ఆ పేరుతో పబ్ ఉందని మనకు తెలుసు, బస్సులో దాని ముందు నుంచే వెళ్తాం. ఆ పేరు వెనక ఒక తల్లి ఉందని నాకు ఈ ఏడాది వరకు తెలియదు.

పెద్దాయనకు మొన్న ఈ సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లాడి సమాధి ఎక్కడుందమ్మా?" అన్నారు. సమాధి లేదండీ, దేహం దొరకలేదు అని చెప్పాను. అలాంటి 20 వేల మందికి పైగా పేర్లున్న రన్నీమీడ్ స్మారకం మీద డగ్లస్ పేరు ఉంది.

వచ్చే ఏడాదికి కమిటీ ప్రతిపాదన ఒకటే. 152 స్క్వాడ్రన్ 1940లో ఉన్న డోర్సెట్‌లోని వార్మ్‌వెల్‌కు ఒక రోజు యాత్ర. అక్కడి చర్చి ఆవరణలో అదే స్క్వాడ్రన్ పైలట్ ఆఫీసర్ హెరాల్డ్ అక్రాయిడ్ సమాధి ఉంది. అక్టోబర్ 7న కూలి, కాలిన గాయాలతో మర్నాడు చనిపోయారు. దూరం ఎక్కువ కాబట్టి తెల్లవారకముందే బయల్దేరాలి. పులిహోర, పెరుగన్నం సంఘం తరఫున. పూలు మాత్రం ఎవరికి వారు తెచ్చుకోండి. పెద్దాయన తన సీటు ఇప్పటికే చెప్పేశారు.

ఇట్లు,
కార్యదర్శి