జైలు నుంచి వచ్చినవాళ్ల కోసం ఈ ఏడాది ఏం చేశాం, ఎక్కడ తప్పాం: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక ఆలస్యమైంది, తప్పు నాదే. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం, ఇక్కడ పని సంగతులే రాస్తాను.

ఏడాది మొదట్లో టైలరింగ్ నేర్పిద్దాం, కౌన్సెలింగ్ ఇప్పిద్దాం అని పెద్ద ప్లానే వేసుకున్నాం. తీరా చూస్తే చిత్తూరు జిల్లా జైలు నుంచో, తిరుపతి సబ్‌జైలు నుంచో బయటికొచ్చిన మనిషి అడిగింది బస్సు చార్జీ, ఒక పూట భోజనం, పాత సిమ్ము. సిమ్మేంటి అనుకున్నాం. లోపలున్న నెలల్లో రీచార్జ్ లేక నంబరు పోతుంది, ఆధార్‌కి ఉన్నది ఆ నంబరే, ఓటీపీ రాదు, అది రాకపోతే బ్యాంకు పని కాదు, ఖాతా లేకపోతే జీతం ఎందులో వేయాలంటారు పనిచ్చేవాళ్లు. అందుకే టైలరింగ్ ఒక్క బ్యాచ్‌తో ఆపేసి మీసేవ, ఆధార్ సెంటర్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం.

మన దగ్గరికి వచ్చేవాళ్లలో శిక్ష పూర్తిచేసినవాళ్లకన్నా బెయిల్ మీద వచ్చినవాళ్లే ఎక్కువ. దేశమంతా ఇంతే, 2022 చివర్లో జైళ్లలో ఉన్నవాళ్లలో 75 శాతానికి పైగా విచారణ ఖైదీలే. బయటికొచ్చినా కేసు నడుస్తూనే ఉంటుంది, ఈ సంగతి మనకి గట్టిగానే తగిలింది. మామిడి సీజన్లో ఒకతన్ని చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో మనమే చేర్పించాం. తోతాపురి లోడ్లు దిగే రోజుల్లో సెలవంటే ఎవరిస్తారు? వాయిదాకి పోలేదు, వారెంట్ వచ్చింది, మళ్లీ లోపలికి పోయాడు. కొత్తగా ఏ తప్పూ చేయలేదు. పని ఇప్పించామన్న సంబరంలో వాయిదా ఎప్పుడని మనం అడగలేదు. అప్పటి నుంచి ఒక నోట్‌బుక్కు పెట్టాం, ఒక్కొక్కరి సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకీ ఉండే 16 అంకెలు, అక్షరాల గుర్తింపు నంబరు, రాసుకుని, ఈకోర్ట్స్ యాప్‌లో తేదీ చూసి, ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తున్నాం. ఈ ఏడాది చేసిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఈ నోట్‌బుక్కే అని నా అభిప్రాయం.

ఇక జామీను. బెయిల్ ఆర్డర్ చేతిలో ఉన్నా పూచీ ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయేవాళ్లున్నారు. వీళ్ల కోసం 2023లో కేంద్రం ఒక పథకం పెట్టింది, అప్పుడు పెట్టిన లెక్క ప్రకారం విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక లోపలున్నవాళ్లకి 25,000 వరకు ఇస్తామన్నారు, గంజాయి లాంటి మత్తుమందుల కేసులకి మాత్రం వర్తించదు. అలాగే 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 479 సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకి అర్హులు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి ఇది లేదు, ఒకటికి మించి కేసులున్నా కుదరదు. ఎర్రచందనం కేసుల్లో మనకి అడ్డం వచ్చింది ఇదే, మనల్ని కలిసినవాళ్లకి రెండు మూడు కేసులున్నాయి. పైగా ఊరికి పోతే అప్పు ఉంటుంది, అడ్వాన్సు పట్టుకుని, చెట్లు కొట్టడానికి తీసుకెళ్లిన అదే మేస్త్రీ మళ్లీ గుమ్మం ముందుంటాడు. దీనికి మన దగ్గర మందు లేదు, దాచడం దేనికి. లాయరు కావాలన్నవాళ్లకి మాత్రం ఉచిత న్యాయసాయం హెల్ప్‌లైన్ 15100 నంబరు రాసిచ్చి పంపుతున్నాం, జైల్లో ఉన్నవాళ్లకి ఉచిత న్యాయసాయం చట్టప్రకారం హక్కు, దయ కాదు.

చివరగా ఇళ్ల సంగతి, కొందరికి కోపం రావచ్చు. రోజుకి వేలమంది యాత్రికులు వచ్చిపోయే తిరుపతి మనది, ఏ వీధికెళ్లినా అద్దెకి గదులే. జైలు నుంచి వచ్చిన మన మనిషి ఒకతనికి ఒక్కటీ దొరకలేదు. కొర్లగుంటలో అడిగాం, బైరాగిపట్టెడలో అడిగాం. "మంచోడే ఉంటాడు గానీ సార్, ఇంట్లో ఆడపిల్లలుండారు" అన్నారు. బయటివాళ్లంటే సరే, ఇలా అన్నవాళ్లలో మన సభ్యులూ ఉన్నారు, సమావేశంలో గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్లే. చివరికి అతను రెండు వారాలు మన ఆఫీసులోనే, బెంచీలు పక్కకి జరిపి పడుకున్నాడు. ఇప్పుడు రేణిగుంటలో పనిచేసే షెడ్డులోనే ఉంటున్నాడు, సెలవు పెట్టుకుని మరీ వాయిదాకి వెళ్తున్నాడు.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు మిద్దె మీద గది ఖాళీగా ఉన్నవాళ్లు ఆ మాట చెప్పండి, మూడు నెలల అద్దె సంఘమే ముందుగా కడుతుంది, తీర్మానం కాగితం సిద్ధంగా ఉంది.