‘కో-ఎడ్’ అంటే ఎవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాల మర్నాడు మీ మొదటి పేజీలో ‘ఈసారీ బాలికలదే పైచేయి’ అన్న శీర్షిక చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

కిందటేడు మా అమ్మాయి పురిటికని అమెరికాలోని ఇథాకా వెళ్లి ఆర్నెల్లు ఉన్నాను. పసివాడు నిద్రపోయే వేళల్లో అక్కడి కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థులు నడిపే దినపత్రిక ‘కార్నెల్ డైలీ సన్’ పాత సంచికలు చదివేదాన్ని. 1880లో మొదలైన పత్రిక అది. పాత సంచికల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టారు. ఒక మాట కొడితే ఆ మాట ఉన్న పేజీలు వస్తాయి. కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని, నాకు అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది? ఒకరోజు ‘కో-ఎడ్’ అని కొట్టి చూశాను.

మనకు కో-ఎడ్ అంటే ఆడా మగా కలిసి చదివే కాలేజీ. ‘మా పిల్లని కో-ఎడ్‌లో వెయ్యమండీ’ అన్న తండ్రులు నాకు చాలామంది తెలుసు. ఆ పాత పేజీల్లో మాత్రం కో-ఎడ్ అంటే మనిషి. చదువుకునే ఆడపిల్ల. కలిసి చదవడం అనే మాటలోంచి తెంపిన ముక్క ఇద్దరికీ చెందాలి కదా, ఆమె ఒక్కదానికే అంటుకుంది. అబ్బాయి స్టూడెంట్, అమ్మాయి కో-ఎడ్.

పోనీ ఆడపిల్లలు అక్కడికి కొత్తా అంటే, కాదు. 1873లోనే ఎమ్మా షెఫీల్డ్ ఈస్ట్‌మన్ అక్కడ పట్టా పుచ్చుకుంది. 1875లో వాళ్ల కోసం సేజ్ కాలేజీ అనే పెద్ద భవనమే కట్టారు. పత్రిక పుట్టేనాటికే వాళ్లు ఆ మెట్లు ఎక్కి దిగుతున్నారు. అయినా దశాబ్దాల తరబడి ఆ పేరు వాళ్లను వదల్లేదు. పేరుతోపాటు వేరే నియమాలూ నడిచాయి. పెద్దల తోడు లేకుండా యూనివర్సిటీ బయటి గదుల్లో జరిగే పార్టీలకు అమ్మాయిలు వెళ్లకూడదన్న ఆంక్ష మీద 1958 మే నెలలో అక్కడ విద్యార్థులు పెద్ద ఆందోళనే చేశారు.

అది చదువుతుంటే నా డిగ్రీ రోజులు కళ్లముందు తిరిగాయి. 1977లో మా క్లాసులో ఎనభై మందికి మేం తొమ్మిదిమందిమి. లెక్చరర్ గారు వచ్చేదాకా లేడీస్ వెయిటింగ్ రూములో కూర్చుని, ఆయన వెనకాలే క్లాసుకు వెళ్లేవాళ్లం. యూనియన్‌లో ప్రెసిడెంటు, సెక్రటరీ అందరికీ ప్రతినిధులు. మాకు వేరుగా ఒక ‘లేడీ రిప్రజెంటేటివ్’. కాలేజీ మ్యాగజైన్లో నేను గ్రహణాల మీద వ్యాసం రాసిస్తే, సైన్సు వ్యాసాల్లో కాకుండా చివర ‘విద్యార్థినుల పుటలు’లో, ముగ్గుల పక్కన వేశారు. ఆ సంచిక ఇప్పుడు ఎక్కడా దొరకదు. మన కాలేజీ మ్యాగజైన్లు చాలావరకు పాత కాగితాల కింద తూకానికి పోయాయి. కార్నెల్ వాళ్లు దాచుకోబట్టే కదా నూట నలభై ఏళ్ల కిందటి మాట నా కంటబడింది!

విద్యార్థిని అన్న మాట మీద నాకు కోపం లేదండి. విద్యార్థి పక్కన సమానంగా నిలబడే మాట అది. నా బాధల్లా ‘పైచేయి’తోనే. ఏటా వాళ్లే ముందుంటున్నారు, ఏటా మీకది వింతగానే ఉంటోంది. పరీక్ష అబ్బాయిలదైనట్టు, వీళ్లెవరో వచ్చి గెలుచుకుపోయినట్టు ఉంటుంది ఆ శీర్షిక. ఓటు హక్కు రాబోతున్న పిల్లల్ని ‘బాలికలు’ అనడం ఒకటి.

వచ్చే ఏడాది అమ్మాయిలెంత శాతం, అబ్బాయిలెంత శాతం అన్నది లోపలి పట్టికలో వేయండి. మొదటి పేజీలో మాత్రం ఎంతమంది విద్యార్థులు ప్యాసయ్యారో రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత లైబ్రేరియన్, తెనాలి