'లుడ్విగ్' లాటిన్ పేరు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఐరోపా పేర్ల గురించి తమ పత్రిక గత ఆదివారం ప్రచురించిన వ్యాసంలో, జర్మన్లు మగపిల్లలకు పెట్టే 'లుడ్విగ్' అనే పేరు 'ఆట' అనే అర్థమున్న 'లూడుస్' అన్న లాటిన్ మాట నుంచి పుట్టిందని రాశారు. ఇది సరికాదు. పాత పత్రాల్లో కనిపించే 'లుడోవికుస్' రూపాన్ని చూసి పొరబడటం సహజమే గాని, అది జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు భాషల కుటుంబపు) పేరుకు లాటిన్ లేఖకులు తొడిగిన వేషం మాత్రమే.

అసలు పేరులో రెండు ముక్కలున్నాయి. మొదటిది 'హ్లూడ్', అంటే పేరు మోసిన, నలుగురి నోటా వినబడే. రెండోది 'విగ్', అంటే యుద్ధం. బిగ్గరగా అనే అర్థంలో వాడే ఇంగ్లీషు 'లౌడ్', జర్మన్ 'లౌట్' ఈ మొదటి ముక్కకు చుట్టాలే. సంస్కృతంలోని 'శ్రుత' శబ్దానిదీ అదే ధాతువంశం కనుక, 'విశ్రుతుడు' అన్న మాట ఎరిగినవారికి ఈ అర్థం వేరే వివరించనక్కర్లేదు. అయితే రెంటినీ కలిపి 'యుద్ధంలో ప్రసిద్ధుడు' అని విగ్రహవాక్యం చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం. ఆ కాలపు జర్మానిక్ కుటుంబాలు పెద్దల పేర్లలోని ముక్కలను పిల్లలకు పంచేవి; అర్థం కుదిరిందా అన్నదానికన్నా ఏ వంశమో తెలుస్తోందా అన్నదే తరచు వారికి ముఖ్యం.

ఫ్రాంకులనే జర్మానిక్ జాతి రాజు షార్లమేన్ 778లో పుట్టిన తన కవలలకు లుడ్విగ్, లోథార్ అని పేర్లు పెట్టడం ఇందుకు మంచి ఉదాహరణ. రెండింటిలోనూ 'హ్లూడ్' ఉంది. అయితే ఇక్కడ చాటదలచిన వంశం వేరు: అవి అతని పూర్వీకుల పేర్లు కావు. అతని తండ్రి పిప్పిన్ 751లో గద్దె దించిన మెరోవింజియన్ వంశపు రాజులవి. 511లో మరణించిన ఆ వంశపు రాజు క్లోవిస్ పేరుకే మరో రూపం ఈ లుడ్విగ్. సింహాసనం చేజిక్కాక పేర్లు కూడా తెచ్చుకున్నారన్నమాట! లోథార్ పసితనంలోనే పోగా, లుడ్విగ్ 814లో తండ్రి తరువాత చక్రవర్తి అయ్యాడు.

ఫ్రెంచిలో లూయీ, ఇటాలియన్‌లో లూయీజి, హంగేరియన్‌లో లాయోష్ ఈ పేరే. పద్దెనిమిదో లూయీ వరకూ ఫ్రాన్సును ఏలిన ఆ రాజులకూ, 1770లో బాన్ నగరంలో పుట్టిన సంగీతకర్త లుడ్విగ్ బీతోవెన్‌కూ ఉన్నది ఒకే పేరు. తమ వ్యాసంలోని పేర్ల పట్టిక మాత్రం లూయీని వేరే ఫ్రెంచి పేరుగా లెక్కగట్టింది. లుడ్విగ్ వ్యుత్పత్తితో పాటు ఆ పట్టికనూ సవరించి ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు