మెట్ల మీద ఏం జరిగిందంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

మంగళవారం ఫైర్ డ్రిల్‌లో, పుట్టుకతో వచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్న మూడో తరగతి పిల్లవాడు మెట్ల మీద కూలబడి అందరికీ అడ్డం పడ్డాడని వాట్సాప్ గ్రూపుల్లో మొదలైన మాట, గురువారానికి "పిల్లల్ని తోసేశాడట" దాకా పెరిగింది. అతను ఎవరినీ తోయలేదు. గంట మోగగానే బెదిరి ఓ మెట్టు మీద కూర్చుండిపోయాడు. మిగతా పిల్లలు పక్కనుంచి దిగి మైదానంలోకి వెళ్లారు. క్లాస్ టీచరు అతనితో ఉండిపోయారు. ఆవిడని అడిగి, అతని బెంచీలో కూర్చునే అమ్మాయి కూడా ఆగింది. అతని మెడలోని బొమ్మల కార్డుల గుత్తిలోంచి మైదానం బొమ్మ తీసి ముందు పెట్టి, "ముందు మైదానం, తర్వాత క్లాసు" అంది. అంతే, ఇంకో మాట మాట్లాడలేదు. చెయ్యి పట్టి లాగలేదు. అతను బొమ్మ మీద వేలు పెట్టి చూశాడు, కాసేపటికి రెయిలింగ్ పట్టుకుని తనంతట తనే దిగాడు. ఆ అమ్మాయికి ఎనిమిదేళ్లు. అలా నోరు మూసుకుని ఆగడం మా స్టాఫ్‌లో కొందరు ఇంకా నేర్చుకుంటున్నారు.

ఆ పిల్లవాడి అమ్మానాన్నలతో మాట్లాడి, వాళ్లు సరేనన్నాకే ఇదంతా రాస్తున్నాను.



మన బడిలో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు మరికొందరూ ఉన్నారు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమే దీనికి కారణమని 1959లోనే తేలింది. ఇది అంటుకునేది కాదు, కడుపుతో ఉన్నప్పుడు తల్లి చేసిన పొరపాటూ కాదు. గేటు దగ్గర ఆ పిల్లవాడి తల్లి వినేలా గుసగుసలాడేవారు దయచేసి ఇది గుర్తుంచుకోండి. ఈ పిల్లల్లో చాలామందికి కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు. చెవిన పడిన మాట మనసులో నిలవడమూ కష్టమే. "బ్యాగు సర్దుకుని బూట్లేసుకుని బయటికి రా" అంటే చివరి ముక్క ఒక్కటే మిగులుతుంది. మనం దాన్ని మొండితనం అనేస్తాం.

కానీ కంటితో చూసింది నిలుస్తుంది. అందుకే చదువు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. "వీడికి మాటలే సరిగా రావు, చదువెక్కడ?" అని అడిగేవారికి నా జవాబు ఒకటే: మాటలు రావడానికే చదవడం నేర్పండి. అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ పూర్తయ్యేదాకా పదాలు చూపించకుండా ఆపొద్దు. "అమ్మ", "బంతి", "నీళ్లు" అని పెద్ద అక్షరాలతో కార్డులు రాయండి. మొదట ఒకేలాంటి కార్డులు జత చేయించండి, తర్వాత మీరు చెప్పిన పదం ఏరి ఇమ్మనండి, చివర్లో పలకమనండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, జవాబు మీరే అందించకండి. మా బడిలో ఏడో తరగతి అమ్మాయి ఒకతి ఇలాగే మొదలుపెట్టింది. ఐదేళ్ల వయసులో సైగలు తప్ప మాట లేదు. ఇప్పుడు రెండు పదాలు కలిపి మాట్లాడటంతో ఆగక, కథల పుస్తకం తెరిచి చిన్న తరగతుల వాళ్లకి చదివి వినిపిస్తోంది. "ఛ" దగ్గర తడబడుతుంది, ఆగి మళ్లీ పలుకుతుంది. ఆ గదిలో ఒక్కరూ నవ్వరు.

ఇక ఇంటి విషయాలు. కళ్లద్దాలు, చెవి మిషను "పోతాయేమోనని" బీరువాలో దాచి పిల్లల్ని బడికి పంపుతున్నవారికి ప్రేమగానే చెబుతున్నాను: అవి బీరువా కోసం కొన్నవి కావు. థైరాయిడ్ పరీక్ష ఏడాదికోసారి చేయించండి, నీరసంగా ఉంటే బద్ధకమని తిట్టకండి. కండరాలు మెత్తగా ఉంటాయి కాబట్టి జిప్పు పెట్టుకోవడానికి సమయం పడుతుంది. ఆలస్యమవుతోందని మీరే పెట్టేస్తే, ఆ పని ఎప్పటికీ మీదే. పది నిమిషాలు ముందు లేవడం పెద్దలకి మరీ అంత కష్టమా? పిల్లిమొగ్గలు మాత్రం డాక్టరుని అడిగాకే వేయించండి, మెడ కీలు వదులుగా ఉండొచ్చు.

మిగతా తల్లిదండ్రులూ, ఇంట్లో మీరు "పాపం" అన్నప్పుడల్లా మీ పిల్లలు మరునాడు అదే చూపుతో క్లాసుకి వస్తున్నారు. పుట్టినరోజుకి క్లాసంతటినీ పిలిచి ఒక్కరిని వదిలేస్తే ఆ ఒక్కరికీ తెలుస్తుంది.

మార్చి 21 ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం. మూడో నెల, 21వ తేదీ: మూడు ప్రతుల 21వ క్రోమోజోముకి గుర్తుగా ఎంచుకున్నారు. ఆరోజు అసెంబ్లీలో మా ఏడో తరగతి అమ్మాయి కథ చదువుతుంది. తల్లిదండ్రులు రావచ్చు, ఫోన్లు మాత్రం సంచుల్లోనే ఉంచాలి. ఆ పిల్లవాడి పక్కన సీటు మార్చమని మూడో తరగతి తల్లిదండ్రుల నుంచి నాకు మూడు ఉత్తరాలొచ్చాయి. సీట్లు మారవు. అతని బెంచీలో కూర్చునే ఆ అమ్మాయి అడిగినా మార్చను, ఆమె అడగదు కూడా.

మీ
ప్రధానోపాధ్యాయురాలు