సైకియాట్రీ వదిలేయకురా చందూ

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ చందూ,

"మెడిసిన్ ఇంకా సగం ఉంది, పరీక్షకు సైకియాట్రీ చదవకుండా వదిలేస్తా మామా" అన్నావు చూడు, ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఫోన్‌లో చెప్తే మధ్యలో అడ్డం పడతావు, అందుకే కాయితం తీసుకున్నా. కాసేపు టెన్షన్ పక్కన పెట్టి చదువు.

ముందు ఆర్థో వార్డు సంగతి చెప్పాలి. హౌస్ సర్జన్సీలో ఉన్నప్పుడు ఒక నైట్ డ్యూటీ. కాలు విరిగి చేరిన మేస్త్రీ ఒకాయన రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు రాత్రి దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, పల్స్ 130. కట్టుకున్న భార్యనే "ఎవరు నువ్వు?" అంటున్నాడు. పక్క బెడ్ల వాళ్ళు గాలి సోకిందన్నారు. నాకేమో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించే, లేనిపోనివి నమ్మే మానసిక జబ్బు) తట్టింది. సీనియర్ అక్క వచ్చి ఆయన భార్యను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "చివరిసారి ఎప్పుడు తాగాడమ్మా?" "పడిపోయిన రోజు పొద్దున, మేడం."

డెలీరియం ట్రెమెన్స్. తాగుడుకు బాగా అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా ఆపాక 48 నుంచి 96 గంటల లోపు మొదలవుతుంది. ఫిట్స్ వస్తే అంతకంటే ముందే, మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. ట్రీట్‌మెంట్ బెంజోడయాజెపీన్లు (మెదడును నెమ్మదింపజేసే మందులు), లివర్ దెబ్బతిని ఉంటే వాటిలో లోరాజెపామ్. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి. ఇది పరీక్షలోనే కాదురా, వార్డులో కూడా మర్చిపోకు. థయమిన్ అందకపోతే వెర్నికీ అనే మెదడు జబ్బు వస్తుంది: చూపు అటూ ఇటూ సరిగా తిరగదు, నడక తూలుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. అది ముదిరితే కోర్సకాఫ్. అప్పుడు జ్ఞాపకంలో ఖాళీ పడిన చోటల్లా జరగని సంగతులు అల్లి చెప్తాడు, అబద్ధం ఆడుతున్నానని తనకే తెలీదు.

ఆ రాత్రి నుంచి ఏ సైకియాట్రీ ప్రశ్న చూసినా ముందు "ఎప్పటి నుంచి?" అనే వెతుకుతా. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. గంటల్లో, రోజుల్లో మొదలై, రాత్రికి ఎక్కువై, స్పృహ మసకబారితే డెలీరియం. నెలలు, ఏళ్ళ తరబడి మతిమరుపు పెరుగుతున్నా స్పృహ తేటగా ఉంటే డిమెన్షియా. డిప్రెషన్ అనాలంటే రెండు వారాలు, మేనియాకు (అదుపు తప్పిన హుషారుకు) ఒక వారం, హైపోమేనియాకు (అదే కాస్త తక్కువ స్థాయిలో ఉంటే) నాలుగు రోజులు. స్కిజోఫ్రీనియా దగ్గర జాగ్రత్త: ఐసీడీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) ప్రకారం ఒక నెల, డీఎస్ఎం (అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం) ప్రకారం ఆరు నెలలు. ప్రశ్న దేన్ని బట్టి అడిగాడో చూసి రాయి. ప్రమాదం జరిగాక పీడకలలు, ఉలికిపాట్లు నెల లోపైతే అక్యూట్ స్ట్రెస్, నెల దాటితే పీటీఎస్‌డీ.

స్కిజోఫ్రీనియాకు ష్నైడర్ చెప్పిన ఫస్ట్ ర్యాంక్ లక్షణాలను బట్టీ పట్టకు. ఒక మనిషిని ఊహించుకో. అన్నం తింటుంటే "ఇప్పుడు కలుపుతున్నాడు, ఇప్పుడు నీళ్ళు తాగుతున్నాడు" అని ఒక గొంతు వినిపిస్తుంటుంది. తన ఆలోచనలు బయటికి పొక్కిపోతున్నాయంటాడు. ఎంత భయంగా ఉంటుందో తలుచుకుంటే ఇక మర్చిపోలేవు. అదే జబ్బుకు బ్లాయిలర్ చెప్పిన నాలుగు 'ఏ' లక్షణాలు, దానికి వాడే మందు క్లోజపిన్‌తో తెల్లకణాలు పడిపోవడం నీకు వచ్చినవే.

మూడ్‌ను అదుపులో ఉంచే మందు లిథియం మాత్రం వదలొద్దు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మేనియాకు వాడి చూపించాడు. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ వరకు ఉండాలి, 1.5 దాటితే విషమే. శాంపిల్ చివరి డోసు తర్వాత 12 గంటలకు తీయాలి. నేను గుర్తుపెట్టుకున్న కేసు చెప్తా. లిథియం వేసుకునే ఒకాయన మే నెల ఎండలో, ఉపవాసంతో, అలిపిరి నుంచి 3550 మెట్లెక్కాడనుకో. చెమటలో ఉప్పు, నీళ్ళు పోయాయి. కిడ్నీ సోడియంను పోనివ్వకుండా పట్టుకుంటుంది, దాంతోపాటు లిథియంనూ పట్టుకుంటుంది. పైన మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకున్నాడు, లెవెల్ ఇంకా పెరిగింది. మామూలుగా ఉండే సన్న వణుకు కాస్తా పెద్ద వణుకైంది. వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం. బాగా ముదిరితే డయాలిసిస్. మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ మందు ఇచ్చినా ఇదే కథ.

గంగమ్మ జాతరలో పూనకాలు మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కదా. అది జబ్బు కాదురా. పదిమంది ఒప్పుకున్న ఆచారంలో భాగంగా వచ్చి పోయేదాన్ని పుస్తకం కూడా జబ్బు అనదు. ఆచారంతో సంబంధం లేకుండా, తనకు ఇష్టం లేకుండా మళ్ళీ మళ్ళీ వచ్చి, బతుకు సాగనివ్వకపోతేనే డిసోసియేటివ్ ట్రాన్స్ అంటాం. వైవాలో ఇలా చెప్తే ఎగ్జామినర్ తల పైకెత్తి చూస్తాడు.

ఈసీటీ (కరెంటు షాక్ చికిత్స) మొదట చేసింది 1938లో, రోమ్‌లో, చెర్లెట్టి, బినీ. మత్తు ఇవ్వకుండా చేయడాన్ని మన 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

ఇంకొక్కటి. డిప్రెషన్ పేషెంట్‌ను "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నోరు తెరిచి అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, చాలామందికి మోస్తున్న బరువు దించుకున్నట్టుంటుంది. మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా, ముఖ్యంగా 25 ఏళ్ళ లోపు వాళ్ళను, కనిపెట్టుకుని ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. రికార్డు అట్ట మీద రాసుకో. పేషెంట్ల కోసమే అనుకోకు. నిన్న నీ గొంతు నాకు బాగా అనిపించలేదు. సరిగా నిద్రపోతున్నావా? ఎప్పటి నుంచి ఇలా ఉంది? దీనికి మాత్రం జవాబు రాయి.

వచ్చే ఆదివారం చిత్తూరులో పొద్దున బస్సెక్కి వచ్చెయ్. పది కేసులు రాసి పెడతా. నేను పేషెంట్, నువ్వు డాక్టరు. మధ్యాహ్నం అమ్మ సంగటి చేస్తానంది.

నీ
హరి